రిపోర్టులన్నీ నార్మల్, కాళ్లలో మాత్రం మంటలు

శ్రోతలకు నమస్కారం.

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరులో జరిగింది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బాగా తిరుగుతున్న మనుషులు ఉన్నట్టుండి పడిపోయారు. కొందరికి ఫిట్స్ వచ్చాయి, కొందరికి వాంతులు, కొందరు కాసేపు స్పృహ తప్పారు. కొద్ది రోజుల్లోనే ఆరు వందల మందికి పైగా ఆసుపత్రికి చేరారు. మెదడు స్కాన్లు తీస్తే నార్మల్. తర్వాత ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని నిపుణులు ఆ తర్వాత అన్నారు. ఇవన్నీ బయటికి వచ్చేలోపే ఎక్కువమంది కోలుకుని ఇళ్లకు వెళ్లిపోయారు. కారణం తేలలేదని అక్కడి డాక్టర్లు ఆగలేదు. ఫిట్స్‌కి మందిచ్చారు, కనిపెట్టుకుని చూశారు, తేరుకున్నాక పంపించారు.

ఊరు ఊరంతా పడిపోతే నిపుణుల బృందాలు వచ్చాయి. అదే ఒక్క ఇంట్లో, ఒక్క మనిషికి అంతుపట్టని నరాల బాధ వస్తే? అరికాళ్లలో మంటలు, చేతులు మొద్దుబారడం, నడుస్తుంటే ఒక పక్కకు తూలిపోవడం, ఉన్నట్టుండి కాలు మాట వినకపోవడం. ఎమ్మారై అయింది, మెదడులోని విద్యుత్తును చూసే ఈఈజీ అయింది, నరాల టెస్టు అయింది. ఫైలు లావైంది, అప్పు పెరిగింది. "ఏమీ లేదమ్మా, టెన్షన్ పెట్టుకోకు" అన్నారు. ఆ మాట ఇంటికి చేరేసరికి "ఏమీ లేదంటగా, మరి లేచి పని చేసుకోవచ్చుగా" అవుతుంది. జబ్బు కన్నా ఆ మాట ఎక్కువ నొప్పి పెడుతుంది. ముఖ్యంగా మన ఇళ్లలో కోడళ్లకు.

అందుకే ముందుగా ఇంట్లోవాళ్లకు ఒక విషయం చెప్పాలి. ఎమ్మారై ఒక ఫొటో. వీణను ఫొటో తీస్తే తీగ తెగిందో లేదో తెలుస్తుంది, శ్రుతి తప్పిందో లేదో తెలియదు. మామూలు నరాల టెస్టు లావుపాటి నరాలనే కొలుస్తుంది. మంట, పోట్లు మోసుకెళ్లే సన్నని నరాలు దెబ్బతింటే ఆ టెస్టు నార్మల్‌గానే రావచ్చు. ఈఈజీ కూడా అంతే, అరగంట సేపు తీసిన పరీక్షలో ఏమీ లేనంత మాత్రాన ఫిట్స్ లేవని కాదు. కాబట్టి రిపోర్టు నార్మల్ అంటే, ఆ పరీక్ష పట్టగలిగినది అందులో కనబడలేదని మాత్రమే అర్థం చేసుకోవాలి.

ఇక డాక్టర్లు "ఫంక్షనల్" అని పిలిచే రకం ఒకటుంది. నరాలు తెగలేదు, మెదడులో గడ్డ లేదు, కానీ మెదడు నుంచి ఒంటికి వెళ్లే ఆజ్ఞలు దారి తప్పుతున్నాయి. ఇది నటన కాదు. దీన్ని పట్టుకునే పద్ధతి ఒకటి 1908లోనే హూవర్ అనే అమెరికన్ డాక్టరు రాశారు. కాలు పడిపోయినట్టున్న మనిషిని పడుకోబెట్టి, "ఈ మడమను కిందికి నొక్కండి" అంటే నొక్కలేరు. కానీ "బాగున్న ఆ రెండో కాలు పైకెత్తండి" అని దాన్ని డాక్టరు చేత్తో అదిమిపట్టినప్పుడు, పడిపోయిన కాలి మడమ దానంతట అదే బలంగా కిందికి నొక్కుతుంది. బలం ఉంది, కావాలనుకున్నప్పుడు అందడం లేదు. డాక్టరు దీన్ని రోగికి చూపించి వివరించాలని నేను గట్టిగా నమ్ముతాను. తన కాల్లో బలం ఇంకా ఉందని కళ్లారా చూసుకున్న మనిషికి ధైర్యం వస్తుంది. ఆ జబ్బు తెలిసిన ఫిజియోథెరపిస్టు దగ్గర, ధ్యాసను కాలి మీద నుంచి మళ్లిస్తూ నడక మళ్లీ నేర్చుకుంటే చాలామంది మెరుగవుతారు.

"అసలు జబ్బును కనిపెట్టలేక ఇలా అంటున్నారేమో" అనే అనుమానం రావడం సహజం. స్కాట్లండ్‌లో నరాల డాక్టర్లు, జబ్బుతో పూర్తిగా వివరించలేని లక్షణాలున్నవాళ్లను ఏడాదిన్నర పాటు గమనించారు. ఆ ఫలితాలు 2009లో అచ్చయ్యాయి. 1,030 మందిలో, మొదట ఊహించని వేరే జబ్బు బయటపడింది నలుగురికి. నరాల డాక్టరు నిదానంగా పరీక్షించి చెప్పిన మాటకు అంత విలువుంది. అయిదు నిమిషాల్లో, ఒంటి మీద చెయ్యి వెయ్యకుండా "టెన్షన్" అని చీటీ రాసిస్తే మాత్రం దానికి ఆ విలువ రాదు. అలాంటప్పుడు ఇంకో డాక్టరుకు చూపించుకోవడం మీ హక్కు.

సులువుగా తప్పిపోయే జబ్బులూ ఉన్నాయి. మన దగ్గర ముందు చూడాల్సింది విటమిన్ బి12 లోపం. మాంసం, గుడ్లు ముట్టనివాళ్లు, షుగరుకి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నవాళ్లు దీని బారిన పడొచ్చు. తిమ్మిర్లు, తూలడం, మతిమరుపు దీనితో రావచ్చు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నరాల బలానికని ఎర్ర ఇంజక్షన్లు ముందే చేయించుకుంటే, తర్వాత రక్తపరీక్షలో బి12 నిండుగా కనిపించి అసలు సంగతి మరుగున పడుతుంది. పరీక్ష ముందు, ఇంజక్షన్ తర్వాత. ఇప్పటికే చేయించుకుని ఉంటే డాక్టరుకు ఆ మాట చెప్పండి.

కొన్ని జబ్బులు కాలం గడిస్తేనే బయటపడతాయి. మెదడు, వెన్నుపాములోని నరాల పైపొర దెబ్బతినే మల్టిపుల్ స్క్లిరోసిస్ కొందరిలో రెండోసారి వచ్చేదాకా తేలదు. కొన్ని అసలు పుస్తకాల్లోకి ఎక్కడానికే టైం పడుతుంది: ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు మీద దాడి చేసే ఎన్‌ఎండీఏ ఎన్‌సెఫలైటిస్‌ను డాక్టర్ డాల్మౌ బృందం 2007లో వివరించేదాకా, పిచ్చెక్కిందని ఆసుపత్రుల్లో చేరినవాళ్లకు దాన్ని పట్టే పరీక్షే లేదు. కుటుంబంలో ఇంకొకరికీ అలాంటి బాధే ఉంటే, హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రి, డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ లాంటి చోట్ల జన్యు పరీక్షల గురించి అడగవచ్చు.

ఈలోగా ఏం చెయ్యాలి? నేను చూసినంతలో మనుషులను ఎక్కువగా కుంగదీసేది డాక్టర్లను మారుస్తూ తిరగడం. ప్రతిచోటా కథ మొదటి నుంచి, ప్రతిచోటా అదే ఎమ్మారై మళ్లీ. రెండో అభిప్రాయం తీసుకోండి, కానీ మొత్తం కథ తెలిసిన డాక్టరు ఒకరు మీకుండాలి. కాగితాలన్నీ తేదీల వారీగా ఒకే ఫైల్లో పెట్టండి, స్కాన్ సీడీలతో సహా. బాధ ఎప్పుడు మొదలైంది, ఎంతసేపుంది, ముందురోజు నిద్ర ఎలా ఉందో రెండు ముక్కలు రాసుకోండి. గంట గంటకూ రాస్తూ కూర్చోవద్దు, దానివల్ల ధ్యాసంతా దాని మీదే ఉండి బాధ పెరుగుతుంది. పడిపోవడం, వణకడం లాంటివైతే పక్కనున్నవాళ్లు ఫోనులో వీడియో తియ్యాలి. పది రిపోర్టులు చెప్పనిది ఒక్కోసారి ఆ నిమిషం వీడియో చెబుతుంది.

మంచం మీద మాత్రం ఉండిపోకండి. కదలకపోతే కండ కరుగుతుంది, అప్పుడు జబ్బుకు నీరసం తోడవుతుంది. కాస్త బాగున్న రోజున మిగిలిన పనంతా చేసేసి, మర్నాడు లేవలేని పరిస్థితి తెచ్చుకోకండి. రోజూ కొద్దిగా, బాగున్నా లేకున్నా అంతే.

మానసిక వైద్యుడి దగ్గరకు పంపితే అవమానంగా తీసుకోవద్దు. పేరు తెలియని బాధతో బతకడం మనసును నలిపేస్తుంది, నిద్రను తినేస్తుంది, దానికీ వైద్యముంది. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఇంట్లోవాళ్లు గుడికి తీసుకెళ్తే వెళ్లండి, తాయెత్తు కడితే కట్టించుకోండి, మందులు మాత్రం ఆపకండి.

పాత బాధే కదా అని ఊరుకోకూడని సందర్భాలున్నాయి. ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఒక పక్క పడిపోయినా, ఫిట్స్ అయిదు నిమిషాలు దాటినా, మూత్రం మీద పట్టు తప్పినా, కాళ్ల బలహీనత పైకి పాకుతూ ఊపిరి కష్టమైనా, వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

మామూలు రోజుల్లో డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. మీ పరీక్షలో ఏ ప్రమాదకరమైన జబ్బులు లేవని తేలింది? ఇంకా దేన్ని అనుమానిస్తున్నారు? మళ్లీ ఎప్పుడు రావాలి, ఏ మార్పు కనిపిస్తే అంతకన్నా ముందే రావాలి? జవాబులు పక్కనున్నవాళ్లను రాసుకోమనండి.