100 పెద్దదా, 1 పెద్దదా? సైక్లోస్పోరిన్‌కీ టాక్రోలిమస్‌కీ తేడా

(తెర మీద: రెండు అరచేతులు. ఒకదాంట్లో పెద్ద మెత్తటి క్యాప్సూల్, రెండోదాంట్లో చిన్నది.)

నమస్కారమండీ. కుడిచేతిలోది సైక్లోస్పోరిన్, 100 మిల్లీగ్రాములు. ఎడమచేతిలోది టాక్రోలిమస్, 1 మిల్లీగ్రాము. కొత్తగా పెట్టిన కిడ్నీని ఒళ్లు పరాయిదనుకుని తిప్పికొట్టకుండా (దీన్నే తిరస్కరణ అంటారు) ఆపే మందులివి. కిడ్నీ మార్పిడి అయినవాళ్లకి మొదటిది ఆపి రెండోది రాస్తే చాలు, మా ఉత్తరాంధ్రలో కవిటి నుంచి కొత్తవలస దాకా ఒకటే ప్రశ్న: "ఏటి బాబూ, మందు ఇంతలా తగ్గించీసారేటి?"

తగ్గించలేదండీ. కిలో ఆనపకాయనీ చిటికెడు ఇంగువనీ తూకం వేసి ఏది ఘాటు అని అడిగినట్టుంది ఇది. మిల్లీగ్రాములు చూసి మందు బలం చెప్పడం మానేద్దాం. అసలు లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

కొత్త కిడ్నీ అంటే సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుడు. రాత్రి బస్సు దిగి వీధిలోకి వస్తాడు. మనకి తెలుసు అల్లుడని, వీధికుక్కలకి తెలీదు. ఒకటి మొరుగుతుంది. ఆ అరుపు విని వీధిలోవన్నీ పోగవుతాయి. భయపడాల్సింది మొదటి కుక్కకి కాదు, ఆ అరుపుకి. కుక్కలంటే మన టీ-కణాలు, ఒంటికి కాపలా కాసే తెల్ల రక్తకణాలు. అరుపు పేరు ఇంటర్‌ల్యూకిన్-2, ఒక కణం మిగతావాటిని పిలిచే రసాయన సంకేతం. కణంలో కాల్సిన్యూరిన్ అనే ఎంజైమ్ పనిచేస్తేనే ఆ అరుపు బయటికొస్తుంది.

ఈ రెండు మందులూ కుక్కల్ని చంపవు. నూర్పిళ్లప్పుడు ఎడ్ల మూతికి చిక్కం కడతాం చూడండి, అలా నోరు కడతాయి. సైక్లోస్పోరిన్ వెళ్లి సైక్లోఫిలిన్ అనే ప్రొటీన్‌ని పట్టుకుంటుంది, టాక్రోలిమస్ ఎఫ్‌కేబీపీ-12ని పట్టుకుంటుంది. ఆ జంట పోయి కాల్సిన్యూరిన్‌ని ఆపుతుంది. తాళ్లు వేరు, కట్టే మూతి ఒకటే. అందుకే రెండూ కలిపి ఇవ్వరు. మందు మార్చేటప్పుడు మామూలుగా పాతది ఆపి 24 గంటలు ఆగాకే కొత్తది మొదలుపెట్టిస్తారు. ఇంట్లో మిగిలిన పాత స్ట్రిప్పులు "వృథా ఎందుకు" అని వాడేశారనుకోండి, దెబ్బ నేరుగా కిడ్నీకే.

(తెర మీద: రెండు మట్టి పిడికిళ్లు.)

రెండూ మట్టిలోంచి వచ్చినవే. సైక్లోస్పోరిన్ నార్వే మట్టిలో దొరికిన ఒక ఫంగస్‌ది. అమెరికాలో 1983లో అనుమతి వచ్చింది. టాక్రోలిమస్ 1984లో జపాన్‌లోని సుకుబా మట్టిలో దొరికిన బ్యాక్టీరియాది. పేరులోని మొదటి 'ట' ఆ సుకుబాదే (ఇంగ్లిష్‌లో Tsukuba అని రాస్తారు). కాలేయానికి 1994లో, కిడ్నీకి 1997లో అమెరికాలో అనుమతించారు.

మరి ఏది మేలు? 2007లో సింఫనీ అనే అధ్యయనం అచ్చయింది, 1,645 మంది కిడ్నీ మార్పిడి రోగుల మీద. తక్కువ మోతాదు టాక్రోలిమస్ వాడినవాళ్లలో నూటికి 12 మందికి తిరస్కరణ వచ్చింది. సైక్లోస్పోరిన్ వాడినవాళ్లలో 24 నుంచి 26 మందికి. అంటే అల్లుణ్ణి కరిచే అవకాశం సగానికి పడింది. అందుకే ఈరోజు ఎక్కువమందికి టాక్రోలిమస్సే మొదటి మందు.

అయితే సైక్లోస్పోరిన్ మూలపడిందా? లేదు. టాక్రోలిమస్‌తో కొత్తగా షుగర్ రావడం ఎక్కువ. చేతులు వణుకుతాయి: టీ గ్లాసు సాసర్‌లో గలగలమంటుంది, బ్యాంకులో సంతకం కుదరదు. జుట్టు రాలొచ్చు, విరేచనాలు పట్టుకోవచ్చు. సైక్లోస్పోరిన్ దారి వేరు. చిగుళ్లు పెరిగి పళ్ల మీదికి వస్తాయి. బీపీకి ఆమ్లోడిపిన్ కూడా వేసుకుంటుంటే ఇంకా పెరుగుతాయి. మొహం మీద నూగు నల్లబడుతుంది. పెళ్లికావాల్సిన అమ్మాయికి ఇది చిన్న విషయమని తేల్చేసే డాక్టర్లంటే నాకు చిరాకు. బీపీ, కొలెస్ట్రాల్, యూరిక్ యాసిడ్ కూడా దీంతోనే ఎక్కువ.

ఈ రెండు మందులకీ ఉన్న పాడు గుణం ఒకటి. చిక్కం మరీ బిగిస్తే అల్లుడికే కాదు, దొంగకి కూడా కుక్క మొరగదు. దొంగలంటే టీబీ, అక్కి, వైరస్‌లు, ఏళ్ల మీద చర్మ క్యాన్సర్, లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్. పైగా రక్తంలో మందు ఎక్కువైతే కిడ్నీకి వెళ్లే సన్నటి రక్తనాళాలు ముడుచుకుపోయి, కాపాడాల్సిన కిడ్నీయే పాడవుతుంది. వదులైతే కాటు, బిగిస్తే ఇది. ఎంత బిగిసిందో తెలిసేది రక్తపరీక్షతోనే, క్యాప్సూల్ మీది అంకెతో కాదు.

ఈ పరీక్ష దగ్గరే మనవాళ్లు తప్పులో కాలేస్తారు. టాక్రోలిమస్ లెవెల్, అంటే రక్తంలో మందు ఎంతుందో, చూసేది చిక్కం బాగా వదులైన గడియలో, అంటే రోజుకి రెండుసార్ల రకమైతే వేసుకుని 12 గంటలయ్యాక, తర్వాతి డోసుకి ముందు. తెల్లారే అలవాటుగా క్యాప్సూల్ మింగేసి పలాసలో రైలెక్కితే, విశాఖ ల్యాబ్‌లో అంకె ఆకాశంలో ఉంటుంది. డాక్టర్ మోతాదు కోస్తారు, నిజంగా అక్కర్లేకపోయినా. ఇంకో తప్పు: రాత్రి 8కి వేసుకుని ఉదయం 11కి రక్తం ఇస్తే 15 గంటలు, అంకె తక్కువ వస్తుంది. ల్యాబ్‌కి 10కి చేరేవాళ్లయితే డోసు సమయాలు 10కీ 10కీ మార్చుకోవచ్చా అని డాక్టర్ని ముందే అడగండి. రక్తం ఊదారంగు మూత గొట్టంలోకి పోతుంది. అది అయ్యాకే మందు.

సైక్లోస్పోరిన్‌కి కొందరు డాక్టర్లు దీనికి ఉల్టా పరీక్ష రాస్తారు: మందు వేసుకుని సరిగ్గా 2 గంటలకి. 15 నిమిషాలు అటూ ఇటూ అయినా లెక్క మారుతుంది. చీటీలో ఏది రాశారో చదవండి.

(తెర మీద: గడియారం.) టైమైపోతోంది, గబగబా. టాక్రోలిమస్ రోజూ ఒకేలా: తిండికి గంట ముందో, 2 గంటలయ్యాకో. రోజుకి ఒక్కసారి వేసుకునే రకం, రెండుసార్ల రకం ఒకటి కావు, షాపులో ఇచ్చారని మార్చకండి. బ్రాండ్ మారితే లెవెల్ మళ్లీ చూడాలి. మర్చిపోతే రెండు డోసులు కలిపి మింగొద్దు.

పంపర పనస తినొద్దు, చిక్కం బిగుస్తుంది. ఫంగస్‌కిచ్చే ఫ్లూకోనజోల్, యాంటీబయాటిక్ క్లారిత్రోమైసిన్, బీపీకిచ్చే డిల్టియాజెమ్ కూడా అంతే. టీబీకిచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కిచ్చే ఫెనిటాయిన్ చిక్కాన్ని ఊడబీకేస్తాయి. విరేచనాలు పట్టుకుంటే టాక్రోలిమస్ లెవెల్ పెరుగుతుంది, ఆరోజే ఫోన్ చేయండి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పులకి డైక్లోఫెనాక్ సూది వద్దేవద్దు. కొబ్బరితోటల ఉద్దానంలో ఇది చెప్పడం కష్టమేగానీ, కొబ్బరినీళ్లు కూడా అడక్కుండా తాగొద్దు. రెండు మందులూ రక్తంలో పొటాషియం పెంచుతాయి, కొబ్బరినీళ్లలో ఉన్నదీ అదే.

సైక్లోస్పోరిన్ రేకు చించగానే సారా వాసన కొడుతుంది, అది పాడవడం కాదు, అందులో ఆల్కహాల్ ఉంటుంది. ద్రవం రూపంలోదైతే గాజు గ్లాసులో కలపండి, ప్లాస్టిక్‌కి అంటుకుపోతుంది. ల్యాబ్‌కి వెళ్లేరోజు ఆ పూట డోసు జేబులో పెట్టుకెళ్లండి. ఇంట్లో వదిలేసి వస్తే తిరుగు రైలు పలాస చేరేదాకా కుక్కలకి చిక్కం లేదు.