పూల్ కొత్తగా చేయించాక టైల్స్ ఊడి, నీళ్లు కారుతుంటే: సుత్తి పట్టుకునే ముందు ఏం చూడాలి

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ ఎపిసోడ్ కాస్త నా స్వార్థం కోసమే, ముందే చెప్పేస్తున్నా. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ పూల్‌ని వేసవికి ముందు రీమోడల్ చేయించారు, పాత టైల్స్ పీకేసి నీలం రంగు గ్లాస్ మొజాయిక్ వేశారు, ఫోటోల్లో బ్రహ్మాండంగా ఉంది. ఇప్పుడేమో దిగినవాళ్ల కాళ్ల కింద మొజాయిక్ ముక్కలు తగులుతున్నాయి, కింద సెల్లార్‌లో కార్ల మీద నీళ్లు కారుతున్నాయి. ఊడిన చోట మళ్లీ అతికిస్తే లీకేజీ కూడా ఆగిపోతుందని కాంట్రాక్టర్ అంటున్నాడు. వాట్సాప్ గ్రూపులో రోజూ యుద్ధమే. అందుకే పూల్స్ వాటర్‌ప్రూఫింగ్ పని చేసే ఒక సివిల్ ఇంజనీర్ అన్నని పట్టుకొచ్చాను. అన్నా, అతికిస్తే ఆగుతుందా?

ఇంజనీర్: ఆగదు తమ్ముడూ. నీళ్లని ఆపేది టైల్ కాదు, టైల్స్ మధ్య సందుల్లో నింపే గ్రౌటూ కాదు. వెనక ఉన్న కాంక్రీటు తొట్టి, దాని మీద వేసిన వాటర్‌ప్రూఫింగ్ పూత, పైపులు గోడలోంచి బయటికొచ్చే చోట వేసిన సీలు, ఇవీ ఆపేవి. టైల్స్ ఒక్కటి కూడా ఊడకుండా వేల లీటర్లు పోయే పూల్స్ ఉన్నాయి, సగం టైల్స్ ఊడినా చుక్క కారనివీ ఉన్నాయి. కాబట్టి ఇవి రెండు కేసులు. సంబంధం ఉంటే తర్వాత తేలుతుంది. మీది ఓవర్‌ఫ్లో పూలా? అంటే నీళ్లు అంచు మీంచి చుట్టూ ఉన్న కాలువలోకి పొర్లుతాయా?

హోస్ట్: అవును, పైన తెల్ల జాలీ ఉంటుంది.

ఇంజనీర్: అయితే పూల్‌లో మట్టం చూసి ఏమీ తెలుసుకోలేరు. పంపు ఆన్‌లో ఉన్నంతసేపూ పూల్ నిండుగానే కనిపిస్తుంది, తగ్గేది పక్కన ఉండే, కాలువలోకి పొర్లిన నీళ్లు చేరే బ్యాలెన్సింగ్ ట్యాంకులో. ఆ ట్యాంకులో ఫ్లోట్ వాల్వ్ ఉంటే అది బోరు నీళ్లో ట్యాంకర్ నీళ్లో ఎప్పటికప్పుడు నింపేస్తుంది, ఎంత పోతోందో ఎవరికీ కనపడదు. ముందు ఆ వాల్వ్ కట్టేయండి. తర్వాత పంపు ఆపండి, నీళ్లు అంచుకి కొంచెం కిందకి దిగి నిలబడతాయి. అప్పుడు మెట్టు మీద ఒక బకెట్ పెట్టి, పూల్ నీళ్లతోనే, లోపలి మట్టం బయటి మట్టం ఒకే ఎత్తులో ఉండేలా నింపి, రెండింటికీ గీతలు పెట్టి ఒక రోజు ఎవరినీ దిగనివ్వకుండా వదిలేయండి.

హోస్ట్: ఆవిరి లెక్క తేలడానికా?

ఇంజనీర్: అంతే. ఎండ, గాలి రెండింటికీ ఒకటే కదా, బకెట్‌లో ఎంత తగ్గిందో పూల్‌లో కూడా ఆవిరికి అంతే తగ్గాలి, అంతకంటే ఎక్కువ తగ్గితే ఆ తేడా లీకేజీ. మన ఎండాకాలంలో ఆవిరే రోజుకి పావు అంగుళం పోవచ్చు, అది చూసి లీకు అని గగ్గోలు పెట్టేవాళ్లు కూడా ఉంటారు. అలాగని తేడా తక్కువే కదా అని వదిలేయకూడదు, మీ పూల్ పొడవు 15 మీటర్లు, వెడల్పు 7 మీటర్లు అనుకో, ఒక్క సెంటీమీటరు అంటే వెయ్యి లీటర్ల పైమాటే.

హోస్ట్: సరే, బకెట్, పూల్ రెండూ సమానంగా తగ్గాయి. కానీ సెల్లార్‌లో కారుతూనే ఉంది. అప్పుడు?

ఇంజనీర్: పంపు ఆపి ఉన్నప్పుడు తేడా లేకుండా, పంపు వేసినప్పుడు ట్యాంకులో నీళ్లు తగ్గిపోతుంటే నా అనుమానం మొదట ఓవర్‌ఫ్లో కాలువ మీదకే వెళ్తుంది. పంపు ఆగితే కాలువ ఖాళీ, వేస్తే నిండుతుంది. రీమోడల్‌లో అందరూ తొట్టికి పూత శ్రద్ధగా వేస్తారు, ఆ ఇరుకు కాలువలోకి వచ్చేసరికి బ్రష్షు దూరదు, మేస్త్రీకి ఓపిక ఉండదు. కాలువలోని రంధ్రాలకి బిరడాలు పెట్టి, పంపు ఆపి, కాలువ ఒక్కటే నింపి చూడండి. అది నిలబడితే తర్వాత పూల్‌లోకి నీళ్లు తెచ్చే పైపులు. వాటికి రెండు వైపులా మూసి ప్రెషర్ టెస్ట్ చేయాలి, కనీసం అరగంట పాటు గేజ్ ముల్లు కదలకూడదు. పాత టైల్స్ చిప్పింగ్ మెషీన్‌తో కొట్టినప్పుడు పైపు మూతుల దగ్గర సన్నటి చీలికలు రావడం మామూలే, అందుకే ఈ టెస్ట్ టైల్స్ వేయకముందే చేయించాలి, ఎవరూ చేయించరు అది వేరే సంగతి. ఇంకోటి, ఫిల్టర్‌కి నీళ్ల దారి మార్చే మల్టీపోర్ట్ వాల్వ్‌లో గ్యాస్కెట్ అరిగితే నీళ్లు చడీచప్పుడు లేకుండా, ఫిల్టర్ కడిగిన నీళ్లు పోయే బ్యాక్‌వాష్ పైపులోంచి డ్రైనేజీకి పోతుంటాయి. ఆ పైపు చివర ఒకసారి చూస్తే చాలు, పైసా ఖర్చు లేదు.

హోస్ట్: పంపు ఆపినా తగ్గుతుంటే?

ఇంజనీర్: అప్పుడు తొట్టి, లేదా దానికున్న రంధ్రాలు. తగ్గనివ్వండి, ఎక్కడ ఆగుతుందో చూడండి. లైట్ల ఎత్తుకొచ్చి ఆగిందంటే లైటు వెనక వైరు వెళ్లే గొట్టం, చాలా పూల్స్‌లో దొంగ అదే. నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు సిరంజితో రంగు నీళ్లు ఆ లైటు పక్కన మెల్లగా వదిలితే, రంగు లోపలికి లాక్కుపోవడం కళ్లారా కనపడుతుంది. అడుగున డ్రెయిన్ దగ్గరా ఇలాగే.

హోస్ట్: సెల్లార్‌లో ఎక్కడ కారుతోందో దాని పైనే పగలగొడదామని ఒకాయన పట్టుబట్టాడు.

ఇంజనీర్: వద్దు. నీళ్లు స్లాబు మీద దారి వెతుక్కుంటూ వెళ్లి ఎక్కడ సందు దొరికితే అక్కడ దిగుతాయి, అసలు లీకు ఎక్కడో అవతలి మూల ఉండొచ్చు. పూల్ పక్కన మొక్కల తొట్లు కట్టి ఉంటే అవి కూడా అనుమానితులే, తోటమాలి నీళ్లు పెట్టిన రోజు కారుడు పెరుగుతోందా అని వాచ్‌మన్‌ని అడగండి. అన్నట్టు, ఆ చుక్కలు కార్ల మీద పడనివ్వకండి, కాంక్రీటులోంచి వచ్చే సున్నం పెయింట్‌ని తినేస్తుంది.

హోస్ట్: ఇక టైల్స్. ఇదిగో అన్నా, ఊడిన ముక్కలు కవర్లో తెచ్చా.

ఇంజనీర్: ఇది మంచి పని. అందరూ ఊడినవి చెత్తలో వేసి ఫోటో పంపుతారు. నాకు ముందువైపు అక్కర్లేదు, వెనకవైపే కావాలి. చూడు, ఈ ముక్కల వెనక అసలు ఏమీ అంటుకోలేదు, నున్నగా ఉంది. అంటే అడెసివ్ గోడ మీదే ఉండిపోయింది. గాజు నీళ్లని పీల్చుకోదు, మామూలు సిమెంట్ పాలు దాన్ని పట్టుకోలేవు, దానికి పాలిమర్ కలిపిన అడెసివ్ కావాలి. ఐఎస్ 15477 అని మన దేశపు ప్రమాణం ఉంది, సంచీ మీద ఆ నంబరు, టైపు రాసి ఉంటాయి, కాంట్రాక్టర్‌ని ఖాళీ సంచుల ఫోటో అడగండి. సంచీ సరైనదే అయినా, ఎండలో గోడంతా పూసేసి టీ తాగొచ్చి అతికిస్తే పైపొర ఎండిపోతుంది, అప్పుడూ ఇలాగే వస్తుంది.

హోస్ట్: ఇదేమో వల పట్టుకుని షీటులా వచ్చింది.

ఇంజనీర్: ఇది వేరే రకం. ముక్కల్ని వలకి అంటించిన జిగురు కొన్నిట్లో నీళ్లకి మెత్తబడుతుంది. పూల్‌కి పనికొచ్చే షీటా కాదా అని కొనేముందే కంపెనీని అడగాలి. ఇదిగో, ఈ మూడోదే నాకు భయం వేస్తున్నది. దీని వెనక అడెసివ్ ఉంది, దాని వెనక బూడిద రంగు పొర కూడా ఉంది. అది మీ వాటర్‌ప్రూఫింగ్ పూత. టైల్ బాగానే పట్టుకుంది, పూతే గోడని వదిలేసింది. దుమ్ము కడగకుండా వేసి ఉంటారు, లేదా పూత ఆరకముందే పైన పని మొదలెట్టి ఉంటారు. ఇది ఎక్కడిది?

హోస్ట్: లోతు వైపు మూల, అనుకుంటా.

ఇంజనీర్: నీ రెండు కేసులూ కలిస్తే ఆ మూలే కలుస్తాయి. టెస్టులయ్యి నీళ్లు తీశాక చెక్క పిడితో అక్కడంతా తట్టి చూడండి, డొల్ల శబ్దం వచ్చినంత మేరా సుద్దతో గీయండి. పైఅంచు కింద వరసే పొడుగునా చిట్లిపోతుంటే మాత్రం అది అడెసివ్ తప్పు కాకపోవచ్చు, అంచు రాయికీ చుట్టూ ఉన్న ఫ్లోరింగ్‌కీ మధ్య మెత్తటి సీలెంట్ బదులు సిమెంట్ కూరేసి ఉంటారు, ఎండకి ఫ్లోరింగ్ పెరిగి రాయిని తోస్తుంది.

హోస్ట్: పని అయిపోయాక ఎన్నాళ్లకి నింపాలి? మావాళ్లు వేసవి వచ్చేస్తోందని వెంటనే నింపేశారు.

ఇంజనీర్: ఎపాక్సీ గ్రౌట్ అయితే వారమైనా వదలాలి, సిమెంట్ అడెసివ్‌కి ఇంకా ఎక్కువ, సంచీ మీద రాసింది చూడాలి. నింపడం కూడా రోజుకి రెండు అడుగుల చొప్పున. సిమెంట్ గ్రౌట్ వేసి, మరకలు పోవాలని ఆసిడ్‌తో కడిగారంటే ఇక ఆ సందుల గతి అంతే.

హోస్ట్: మొయినాబాద్ దగ్గర ఫామ్‌హౌస్ ఉన్న ఒక శ్రోత అడిగారు, ఇలాంటి సమస్యకే వానాకాలంలో పూల్ ఖాళీ చేయించవచ్చా అని.

ఇంజనీర్: నేలలోకి తవ్వి కట్టిన పూల్ అయితే చేయకండి. వానలకి చుట్టూ భూమిలో నీళ్లు పెరిగి ఉంటాయి, ఖాళీ తొట్టిని కింది నుంచి పైకి నెడతాయి, అడుగు పగులుతుంది, ఉన్న టైల్స్ కూడా లేస్తాయి. మీ అపార్ట్‌మెంట్‌ది స్లాబు మీద పూల్ కాబట్టి ఆ భయం లేదు.

హోస్ట్: అయితే మేం రేపే ఖాళీ చేయించేయొచ్చా?

ఇంజనీర్: అప్పుడే వద్దయ్యా! బకెట్ టెస్టూ, రంగు టెస్టూ నీళ్లు లేకుండా ఎలా చేస్తారు? కాంట్రాక్టర్ ఖాళీ చేసి నాలుగు చోట్ల అతికించి వెళ్లాడంటే లీకు ఎక్కడో చూపించే ఆధారం పోతుంది. టెస్టులు అయ్యాక తీయించండి, మూల దగ్గర డొల్లగా ఉన్నంతవరకూ కాంక్రీటు కనపడేదాకా తీసి, పూత వేసి, అది ఆరాక టైల్స్ లేకుండానే మళ్లీ నింపి మూడు రోజులు ఉంచండి. సెల్లార్ పొడిగా ఉంటేనే మొజాయిక్ డబ్బాలు తెరవనివ్వండి, మిగిలిన బిల్లు కూడా అప్పుడే.

హోస్ట్: ఆ మూడు రోజుల నీళ్లకి ట్యాంకర్ డబ్బులు ఎవరివి అని మళ్లీ గొడవ మొదలవుతుంది చూడు.

ఇంజనీర్: అది రాతపూర్వకంగా ముందే తేల్చుకోండి. ఆ టెస్ట్‌కి వాడిన నీళ్లు పారబోయక్కర్లేదు కూడా, మొక్కలకి పెట్టుకోండి, క్లోరిన్ కలపకముందే.