డెమోక్రసీ 4 రివ్యూ: బడ్జెట్ మీ చేతికిస్తే ఏం చేస్తారు?

నమస్కారమండీ. 2025 ఫిబ్రవరిలో మన బెంగళూరు మెట్రో గరిష్ఠ చార్జీ 60 రూపాయల నుంచి 90కి పెరిగింది కదా. తగ్గించాలని అందరం అంటాం, నేనూ అంటాను. మరి ఆ లోటు ఎవరి జేబులోంచి పూడ్చాలి? ప్రభుత్వాన్ని మన చేతికిచ్చి, అలాంటి లెక్కలు మన చేతే వేయించే కంప్యూటర్ గేమ్ ఈ డెమోక్రసీ 4. బ్రిటన్‌కు చెందిన పాజిటెక్ గేమ్స్ తయారుచేసింది. పూర్తి వెర్షన్ 2022లో వచ్చింది.

ఇదిగో, స్క్రీన్ చూడండి. పెట్రోల్ పన్ను గుర్తు మీద మౌస్ పెడితే చుట్టూ బాణాలు వస్తాయి. పన్ను పెంచాను. ఖజానాకు డబ్బొచ్చింది, కార్ల వాడకం తగ్గింది, కార్లున్నవాళ్లు మండిపడ్డారు. ఇక్కడిదాకా ఎవరైనా ఊహిస్తారు. అసలు చిక్కు తర్వాత మొదలవుతుంది. కార్లు తగ్గేకొద్దీ పెట్రోల్ పన్ను రాబడి కూడా తగ్గుతుంది. ఆ డబ్బు నమ్ముకుని బస్సులకు సబ్సిడీ పెంచామనుకోండి, ఇప్పుడు దాన్ని ఎలా నడపాలి? నాకు ఈ గేమ్ మీద గౌరవం కలిగింది ఇక్కడే.

ఒక్కరే ఆడకండి. మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లం కలిసి ఆడాం. పెట్రోల్ పన్ను దగ్గర పక్క ఫ్లాట్ బాబాయ్‌గారు "మా కారు సంగతేంటమ్మా?" అన్నారు. రోజూ బస్సులో వెళ్లే అక్క వెంటనే "బస్సు కోసం గంట నిలబడేది మేం కదా బాబాయ్" అంది. ఆట ఆగిపోయింది, వాదన చాలాసేపు సాగింది. అలా సాగాలి కూడా.

లోపాలూ ఉన్నాయి. ఇందులో ప్రభుత్వమంతా మీరే. మన దగ్గర మెట్రో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఉమ్మడి సంస్థ, సిటీ బస్సులు రాష్ట్రానివి. ఎవరిని అడగాలో తేల్చుకోవడమే మన సగం టెన్షన్, అది గేమ్‌లో లేదు. పైగా ఏ పన్నుకు ఎంత ప్రభావం అన్నది తయారుచేసినవాళ్ల అంచనా. "గేమ్‌లో ఇలా అయింది కాబట్టి నిజంగానూ ఇంతే" అనుకోవద్దు.

సివిక్స్ టీచర్లకు మాత్రం గట్టిగా చెప్తున్నాను, క్లాసులో ఆడించండి.

గేమ్‌లు తయారుచేసే మనవాళ్లకు ఒక విన్నపం. కావేరి నీళ్లు సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి, పంపులతో ఎత్తుకు ఎక్కించి ఈ ఊరికి తెస్తున్నారు. 2014 తర్వాత నీటి చార్జీలు మళ్లీ పెంచింది 2025లోనే. ఆ కరెంటు ఖర్చు, ట్యాంకర్లు, ఎండిన బోర్లు, పేదల కుళాయి, అన్నీ పెట్టి ఒక గేమ్ చేయండి. తెలుగులో, కన్నడలో చేయండి. మొదటి రివ్యూ నేనే చేస్తాను.