ఏ ఫోన్ కొనాలి? రెండు మోడళ్ల మధ్య ఆగిపోయిన వాళ్లతో ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. ఇవాళ్టి ఫోన్-ఇన్‌లో మన విషయం కొత్త ఫోన్. వెతికి వెతికి రెండు మోడళ్ల దగ్గర ఆగిపోయి, ఏది తీసుకోవాలో తేల్చుకోలేక పోతున్న వాళ్ల కాల్సే తీసుకుంటున్నాం. ఫోన్లు విప్పి బాగుచేయడంలో చాలా ఏళ్ల అనుభవం ఉన్న మేడమ్ మనతో ఉన్నారు. మేడమ్, రెండు ఫోన్లని పక్కపక్కన పెట్టి చూపించే పట్టికలు ఉంటాయి కదా, అవి చూసి కొనేయొచ్చా?

నిపుణురాలు: చూడొచ్చండీ. కాకపోతే అందులో సగం వరసలు కొట్టేయాలి. ఏ సగం కొట్టేయాలన్నది వాడే మనిషిని బట్టి ఉంటుంది. కాల్స్ తీసుకుందాం, మీకే తెలుస్తుంది.

యాంకర్: మొదటి కాల్. హలో, చెప్పండి.

శ్రోత: హలో మేడమ్, నేను కాలేజీలో చదువుతున్నాను. రెండు ఫోన్లు చూసి పెట్టుకున్నాను. ఒకదానికి 200 మెగాపిక్సెల్ కెమెరా, ఇంకోదానికి 50. మిగతావి అన్నీ దాదాపు ఒకటే. 200 ఉన్నదే తీసుకుందామని.

నిపుణురాలు: ఆ రెండింటిలో ఓఐఎస్ అని దేనికి రాసి ఉంది తమ్ముడూ?

శ్రోత: ఒక్క నిమిషం... 50 దానికి ఉంది మేడమ్. 200 దానికి లేదు.

నిపుణురాలు: సరే, విను. 200 మెగాపిక్సెల్ కెమెరా మామూలుగా ఫొటో తీస్తే 200 మెగాపిక్సెల్ ఫొటో రాదు. పక్కపక్కన ఉన్న 16 పిక్సెళ్లని కలిపి ఒకటి చేస్తుంది. అంటే 12.5 మెగాపిక్సెల్. 50 కెమెరా నాలుగేసి కలుపుతుంది. అదీ 12.5 మెగాపిక్సెలే. రెండూ నీ చేతికి ఇచ్చే ఫొటో ఒకే సైజు.

శ్రోత: మరి తేడా ఎక్కడుంది మేడమ్?

నిపుణురాలు: రెండు చోట్ల. ఒకటి సెన్సర్ సైజు. అది 1 బై ఎంత అని రాస్తారు. ఒకటి కింద 1.4 ఉన్నది, 1.95 ఉన్నదానికంటే పెద్దది. కింద అంకె చిన్నదైతే సెన్సర్ పెద్దదని అర్థం, చాలామంది ఇక్కడ తిరగేసి చదువుతారు. పెద్ద సెన్సర్‌కి వెలుతురు ఎక్కువ అందుతుంది. రెండోది ఓఐఎస్. చెయ్యి వణికినప్పుడు లెన్స్‌నే కొంచెం అటూ ఇటూ జరిపి సరిచేసే ఏర్పాటు. రాత్రిపూట, గదిలో లైటు కింద తీసేటప్పుడు షట్టర్ ఎక్కువసేపు తెరుచుకుని ఉండాలి. ఆ కాసేపట్లో చెయ్యి కదిలినా ఫొటో చెదరకుండా ఇది కాపాడుతుంది. నువ్వు ఫొటోలు ఎక్కువ ఎక్కడ తీస్తావు?

శ్రోత: హాస్టల్లో, ఫంక్షన్లలో. సాయంత్రాలే ఎక్కువ.

నిపుణురాలు: అయితే 50 ఉన్నదే నీది. ఇంకో మాట. వెనక మూడు కెమెరాలు అని రాస్తే, మిగతా రెండూ ఏమిటో చూడు. 2 మెగాపిక్సెల్ మాక్రో, 2 మెగాపిక్సెల్ డెప్త్ అని ఉంటే అవి లెక్క కోసం పెట్టినవే, నెల తిరిగేసరికి వాటి సంగతే మర్చిపోతావు. షాపులో చూసేటప్పుడు కిటికీ బయట చెట్టుని తీయకు. ఎండలో ఏ ఫోనైనా బాగానే తీస్తుంది. ఫ్రెండుని షాపులోపల నడవమని చెప్పి, నడుస్తుండగా తీయి. తర్వాత పెద్దది చేసి జుట్టు, వేళ్లు చూడు. అక్కడ బయటపడుతుంది.

యాంకర్: ఇంకో కాల్.

శ్రోత: మేడమ్, ర్యామ్ 8 ప్లస్ 8, మొత్తం 16 అంటున్నారు. ఇంకో ఫోన్లో 12 మాత్రమే...

నిపుణురాలు: 12 ఉన్నది తీసుకోండి సార్. ప్లస్ తర్వాత రాసింది ర్యామ్ కాదు, స్టోరేజీలో కొంత జాగా తీసి ర్యామ్‌లాగా వాడుకోవడం. స్టోరేజీ ఎంత వేగంగా ఉన్నా ర్యామ్‌కి చాలా వెనకే.

యాంకర్: అంతే. వాదనకి చోటే ఇవ్వలేదు మేడమ్. మళ్లీ ఒక కాల్.

శ్రోత: నమస్తే అక్కా. డెలివరీ చేస్తుంటాను, పొద్దస్తమానం బండి మీదే. ఇందాక ఆ తమ్ముడు అడిగాడే, 200 కెమెరాదీ 50 కెమెరాదీ, సరిగ్గా నేనూ ఆ రెండు రకాల మధ్యే ఉన్నాను. మీరు చెప్పింది విని 50 దానికే ఫిక్సయిపోయాను.

నిపుణురాలు: ఆగు తమ్ముడూ. ఫోన్ ఎక్కడ పెడతావు, జేబులోనా, హ్యాండిల్ మీద స్టాండులోనా?

శ్రోత: స్టాండులోనే. మ్యాప్ చూడాలి కదా.

నిపుణురాలు: అయితే నీకు జవాబు తిరగబడుతుంది. ఓఐఎస్‌లో లెన్స్ కదిలే భాగం కదా. ఇంజన్ వైబ్రేషన్ హ్యాండిల్ ద్వారా రోజంతా దానికే తగులుతుంటే, కొన్నాళ్లకి ఫోకస్ పట్టకపోవడం, ఫొటో చెదరడం మొదలవుతుంది. ఇది నేను చెప్తున్నది కాదు, 2021లో యాపిల్ సంస్థే బైక్ వైబ్రేషన్ వల్ల ఐఫోన్ కెమెరా దెబ్బతినొచ్చని, పెద్ద ఇంజన్ల బండ్ల మీద ఫోన్ బిగించొద్దని, చిన్న స్కూటర్లకైనా వైబ్రేషన్ తగ్గించే మౌంట్ వాడమని రాతపూర్వకంగా చెప్పింది. మిగతా కంపెనీల ఓఐఎస్ కూడా ఇలా కదిలే భాగమే.

శ్రోత: అమ్మో. అంటే 200 దే తీసుకోమంటారా?

నిపుణురాలు: నీకు కెమెరా ఎంత అవసరం? డెలివరీ అయ్యాక గుమ్మం దగ్గర ఒక ఫొటో, అంతేగా. ఓఐఎస్ లేనిది నీకు మంచిదే. కానీ నువ్వు కెమెరా వరస మొత్తం కొట్టేసి, స్క్రీన్ వెలుగు చూడు. పట్టికలో పీక్ బ్రైట్‌నెస్ 3000 నిట్స్, 4500 నిట్స్ అని ఉంటుంది. అది వీడియోలో స్క్రీన్‌లో చిన్న ముక్క మాత్రమే వెలిగినప్పటి అంకె. ఎండలో మ్యాప్ చూసేటప్పుడు స్క్రీన్ మొత్తం వెలగాలి. దానికి హెచ్‌బీఎం అని ఇంకో అంకె ఇస్తారు, ఆ రెండు ఫోన్లకీ అది పోల్చు. ఇంకొకటి, ఆటో బ్రైట్‌నెస్ ఆన్‌లో ఉంటేనే చాలా ఫోన్లు ఎండలో పూర్తి వెలుగు ఇస్తాయి. చేత్తో ఫుల్‌కి జరిపినా అంత రాదు.

శ్రోత: ఇప్పుడున్న ఫోన్ మధ్యాహ్నం అయ్యేసరికి దానంతటదే మసకబారుతుంది అక్కా. స్క్రీన్ పోయిందనుకున్నా.

నిపుణురాలు: పోలేదు, వేడెక్కింది. వేడి దాటితే ఫోన్ తనని తాను కాపాడుకోవడానికి వెలుగు తగ్గిస్తుంది, చార్జింగ్ ఆపేస్తుంది. ఐఫోన్లకైతే చుట్టూ గాలి 35 డిగ్రీలు దాటకుండా వాడమనే చెప్తారు. ఎండలో, స్టాండులో, చార్జింగ్ పెట్టి, మ్యాప్ ఆన్ చేసి, మందపాటి కవర్ వేసి వాడితే ఏ ఫోనైనా అంతే. నీ పనికి బ్యాటరీ పెద్దది తీసుకుని, మధ్యాహ్నం నీడలో ఆగినప్పుడు చార్జింగ్ పెట్టుకో. బండి మీద పెట్టకు.

యాంకర్: అవే రెండు రకాలు, ఇద్దరికి రెండు జవాబులు. నెక్స్ట్ కాల్.

శ్రోత: నమస్కారమండీ. నేను ఐఫోన్ 16కీ, గెలాక్సీ ఎస్25కీ మధ్య ఉన్నాను. ఇన్నాళ్లూ ఆండ్రాయిడే. మా ఇంట్లో రెండు పార్టీలు అయిపోయాయి, భోజనాల దగ్గర కూడా ఇదే గొడవ.

నిపుణురాలు: (నవ్వుతూ) ఏ పార్టీకి మెజారిటీ ఉంది?

శ్రోత: మా ఆవిడది ఐఫోన్, పిల్లలది ఆండ్రాయిడ్. నేనే స్వతంత్ర అభ్యర్థిని.

నిపుణురాలు: ముందు స్పష్టంగా కనిపించే తేడా. ఐఫోన్ 16 స్క్రీన్ 60 హెర్ట్జ్, అంటే బొమ్మ సెకనుకి 60 సార్లు మారుతుంది, ఎస్25ది 120 హెర్ట్జ్. పైకీ కిందికీ జరిపినప్పుడు అక్షరాలు ఎంత నున్నగా కదులుతాయన్నది దీని మీద ఆధారపడుతుంది. కొందరికి వెంటనే తెలుస్తుంది, కొందరికి చెప్పినా తెలియదు. ఐఫోన్ 17కి వచ్చేసరికి మామూలు మోడల్‌కి కూడా 120 పెట్టారు, కాబట్టి యాపిల్ వైపు మొగ్గితే దాన్నీ చూడండి. షాపులో రెండింటికీ వెలుగు సమానం చేసి, ఒకే వార్త తెరిచి, జరుపుతూ చదవండి. డెమో వీడియోలు చూసి నిర్ణయించకండి. వీడియోలు ఎక్కువ తీస్తారా?

శ్రోత: మా అమ్మాయి డాన్స్ ప్రోగ్రాములు. అరగంట, ముప్పావుగంట.

నిపుణురాలు: తీశాక కంప్యూటర్లోకి ఎక్కిస్తారా?

శ్రోత: ఎక్కించాల్సిందే. లేకపోతే ఫోన్ నిండిపోతుంది.

నిపుణురాలు: ఇదిగో, ఇది చాలామంది పట్టికలో చూడని వరస. రెండు ఫోన్లకీ కింద ఒకేలాంటి యూఎస్‌బీ-సి రంధ్రం. కానీ ఐఫోన్ 16లో దాని వేగం పాత యూఎస్‌బీ 2, అంటే సెకనుకి 480 మెగాబిట్లు, బైట్లలో చెప్తే 60 మెగాబైట్లు. ఎస్25లో 5 గిగాబిట్లు, పదింతలు. ఐఫోన్లో 4కే వీడియో 60 ఫ్రేములతో తీస్తే నిమిషానికి 400 మెగాబైట్ల దాకా అవుతుంది. అరగంటకి 12 గిగాబైట్లు. అది ఎక్కడానికి కాగితం మీద లెక్క ప్రకారమే 3 నిమిషాలు దాటుతుంది, నిజంగా ఇంకా ఎక్కువే. ఎస్25 అయినా కేబుల్ తగినది ఉండాలి. డబ్బాలో వచ్చేవి తరచుగా చార్జింగ్ కోసం ఇచ్చే మామూలు కేబుళ్లే.

శ్రోత: అప్‌డేట్లు?

నిపుణురాలు: ఎస్25కి 7 ఏళ్లు ఇస్తామని శామ్‌సంగ్ ముందే చెప్పింది. యాపిల్ అలా ఏళ్లు ప్రచారం చేయదు గానీ, చరిత్ర చూస్తే 2018లో వచ్చిన ఐఫోన్ ఎక్స్‌ఆర్‌కి 2024లో వచ్చిన ఐఓఎస్ 18 కూడా అందింది. ఇందులో ఇద్దరూ సమఉజ్జీలే, ఈ వరస కొట్టేయండి. ఐఫోన్ తీసుకుంటే మీకున్న అసలు ఖర్చు ఆండ్రాయిడ్ నుంచి మారడం. డబ్బు పెట్టి కొన్న యాప్‌లు మళ్లీ కొనాలి. వాట్సాప్ చాట్లు కొత్త ఫోన్ మొదటిసారి ఆన్ చేసి సెటప్ చేసేటప్పుడే తెచ్చుకోవాలి, తర్వాత చూద్దాంలే అనుకుంటే పెద్ద తలనొప్పి. మీరు చెప్పిన పనికి, నన్నడిగితే ఎస్25. మీ ఆవిడకి నా పేరు చెప్పకండి.

యాంకర్: తలనొప్పి అన్నారు, తర్వాతి కాల్ కూడా దాని గురించే.

శ్రోత: అవునండీ, నాది నిజం తలనొప్పే. ఫోన్ మార్చినప్పటి నుంచి రాత్రి పడుకునే ముందు చదివితే కళ్లు లాగేస్తున్నాయి. కళ్ల డాక్టర్ సైట్ ఏమీ లేదన్నారు.

నిపుణురాలు: పాత ఫోన్‌ది ఎల్‌సీడీ రకం స్క్రీన్, కొత్తదానిది అమోలెడ్ రకం అయి ఉండాలి, అవునామ్మా?

శ్రోత: అవునండీ!

నిపుణురాలు: అమోలెడ్ స్క్రీన్లు చాలావరకు వెలుగు తగ్గించడానికి వేగంగా ఆరిపోతూ వెలుగుతూ ఉంటాయి. దీన్ని పీడబ్ల్యూఎం అంటారు. కొన్నిట్లో సెకనుకి 240 సార్లు, కొన్నిట్లో రెండు వేలు, నాలుగు వేల సార్ల దాకా. అందరికీ ఇబ్బంది రాదు, వచ్చేవాళ్లకి తక్కువసార్లు ఆరి వెలిగేవే ఎక్కువ బాధపెడతాయి. తర్వాత కొనేటప్పుడు ఆ అంకె ఎక్కువున్నది గానీ, ఎల్‌సీడీ గానీ చూసుకోండి. కొనేముందు వెలుగు బాగా తగ్గించి పది నిమిషాలు చదవండి. మొహమాటపడకండి. మీ పాత ఫోన్ కెమెరాతో స్లో మోషన్‌లో ఆ స్క్రీన్ని తీసి చూడండి, నల్లటి పట్టీలు కదులుతూ కనిపిస్తాయి. ఈలోపు రాత్రి ఫోన్ వెలుగు మరీ తగ్గించకుండా గదిలో లైటు వేసుకుని చదవండి.

యాంకర్: తర్వాతి శ్రోత.

శ్రోత: మేడమ్, కొత్త మధ్యరకం ఫోనా, వాడిన ఖరీదైన ఫోనా? ఒకరు వాడిన గూగుల్ పిక్సెల్ 8 ఇస్తానంటున్నారు.

నిపుణురాలు: ముందు తేదీల లెక్క చూడండి. అప్‌డేట్ల ఏళ్లు మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ అమ్మకానికి వచ్చిన రోజు నుంచి. పిక్సెల్ 8 2023 అక్టోబర్‌లో వచ్చింది, 7 ఏళ్లు అంటే 2030 అక్టోబర్ దాకా. మీరు చూస్తున్న కొత్త మధ్యరకం ఫోన్‌కి ఎన్నేళ్లు ఇచ్చారు?

శ్రోత: మూడేళ్లు అనుకుంటా. అది కూడా వచ్చి ఏడాది అయింది.

నిపుణురాలు: అంటే మిగిలింది రెండేళ్లు. చూశారా, కొత్తదే ముందు ముసలిదవుతోంది. పాతదానికి బ్యాటరీ మార్పించే ఖర్చు ధరలో కలిపి బేరమాడండి. ఐఎంఈఐ, అంటే ఒక్కో ఫోన్‌కి విడిగా ఉండే నంబర్, స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొట్టి డబ్బా మీద దానితో సరిచూడండి. అమ్మేవాళ్లు వాళ్ల అకౌంట్ తీసేసి, మీ ఎదురుగా రీసెట్ చేసి ఇవ్వాలి. ఒకసారి విప్పిన ఫోన్ అయితే నీళ్లని తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 అన్న మాట మర్చిపోయి, నీళ్లకి దూరంగా ఉంచండి.

యాంకర్: మేడమ్, కొత్తవి పోల్చడానికి నమ్మదగ్గ పట్టిక అసలు ఏదీ లేదా?

నిపుణురాలు: ఒకటి ఉంది. యూరోపియన్ యూనియన్ 2025 జూన్ 20 నుంచి అక్కడ అమ్మే కొత్త ఫోన్లకి లేబుల్ తప్పనిసరి చేసింది. ఒక చార్జింగ్‌కి ఎన్ని గంటలు వస్తుంది, ఎన్నిసార్లు చార్జ్ చేసినా బ్యాటరీ 80 శాతం నిలుస్తుంది, కిందపడితే ఎంత తట్టుకుంటుంది, బాగుచేయడం ఎంత తేలిక, ఇవన్నీ ఒకే కొలమానంతో. 800 సార్లు చార్జ్ చేశాక కూడా 80 శాతం ఉండాలన్నది కనీస నిబంధన. ఎప్రెల్ అనే వాళ్ల డేటాబేస్ ఎవరైనా తెరిచి చూడొచ్చు. కాకపోతే ఒకే పేరుతో అమ్మే ఫోన్లో ప్రాంతాన్ని బట్టి చిప్, బ్యాటరీ మారుతుంటాయి, మోడల్ నంబర్ కలుస్తుందో లేదో చూసుకోవాలి.

యాంకర్: ఆఖరి కాల్. హలో, నమస్కారమండీ, చెప్పండి.

శ్రోత: నమస్కారం అమ్మా. నా వయసు డెబ్బై దాటింది. మా పిల్లలు నాకోసం రెండు ఫోన్లు చూశారు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. వాళ్లలో వాళ్లే చర్చించుకుంటున్నారు, నన్నెవరూ అడగలేదు.

నిపుణురాలు: నేను అడుగుతానండీ బాబాయ్ గారూ. చెవికి మిషన్ పెట్టుకుంటారా?

శ్రోత: కుడి చెవికి ఉంది. బ్లూటూత్‌దే.

నిపుణురాలు: అయితే ఫోన్ సంగతి తర్వాత. ఆ మిషన్ తయారు చేసినవాళ్లు ఏ ఫోన్లతో పనిచేస్తుందో జాబితా ఇస్తారు. వినికిడి మిషన్లు అన్ని ఫోన్లతోనూ నేరుగా కలవవు. ఐఫోన్‌తో కలిసేవి కొన్ని, ఆండ్రాయిడ్‌తో కూడా కలిసేవి కొన్ని. ఆ జాబితాలో ఈ రెంటిలో ఒక్కటే ఉంటే, మీ పిల్లల చర్చ అక్కడితో అయిపోయింది.

శ్రోత: రెండూ ఉంటే?

నిపుణురాలు: రెండింట్లో అక్షరాలు బాగా పెద్దవి చేయించుకుని, బరువు చూసుకోండి. పెద్ద ఫోన్లు 220, 230 గ్రాములు ఉంటాయి. పడుకుని పట్టుకుంటే ముఖం మీద పడతాయి. వేలిముద్ర పెట్టే చోటు పక్క బటన్ మీదుందో, స్క్రీన్ లోపలుందో చూడండి. వేళ్లు పొడిబారితే స్క్రీన్ లోపలిది ఓ పట్టాన తీసుకోదు. బటన్ మీదున్నది మీకు సుఖం.

శ్రోత: ఉండమ్మా, ఇదంతా రాసుకోవాలి. వాళ్లకి నేను చెప్తే వినరు, కాగితం చూపిస్తే వింటారు.

యాంకర్: రాసుకోండి సార్, మేడమ్ నెమ్మదిగా మళ్లీ చెప్తారు, లైన్‌లోనే ఉండండి. మిగతా శ్రోతలకి ఇక సెలవు.