గర్భంలో, పాలు మాన్పించాక గుండె దడ: ముందు నాడి ఇలా చూసుకోండి

నమస్తే అండీ. ముందు నాడి చూడటం నేర్చుకుందాం, మిగతా మాటలు తర్వాత.

ఎడమ చెయ్యి ఇలా వెల్లకిలా పెట్టండి. బొటనవేలి మొదలు నుంచి కిందికి జరిగితే మణికట్టు దగ్గర ఎముక తగులుతుంది. దాని పక్కనున్న పల్లంలో కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు మెత్తగా ఆనించండి. బొటనవేలు మాత్రం వాడొద్దు. దానిలోనూ నాడి కొట్టుకుంటుంది, లెక్క తప్పుతుంది. గడియారంలో సెకన్ల ముల్లు చూస్తూ 60 సెకన్లూ లెక్కపెట్టండి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే సరిపోదు. మనం వెతికేది మధ్యలో తప్పిపోయే దెబ్బను. అది ఆ 15 సెకన్లలోనే రావాలని లేదు కదా!

నేనుండేది కూకట్‌పల్లిలో. మా బాబుకి 11 నెలలప్పుడు మా అత్తమ్మ వేపాకు ముద్ద నూరి ఇస్తే, రాసుకుని రెండు రోజుల్లో పాలు మాన్పించేశాను. మూడో రాత్రి ఎడమవైపు తిరిగి పడుకున్నాను. టక్, టక్, తర్వాత ఖాళీ... ఆ వెంటనే ధబ్ మని ఒక దెబ్బ. గుండె ఆగిపోయిందనుకుని లేచి కూర్చున్నాను. పొద్దున డాక్టరుకి చూపించుకుంటే, నా చెయ్యి కూడా పట్టుకోకుండా "టెన్షన్ అమ్మా, నిద్రపో" అన్నారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. అందుకే ఈ వీడియో.

ఆ "ధబ్" ఏమిటో తెలిస్తే సగం భయం పోతుంది. గుండె ఒక్కోసారి సమయానికి ముందే ఒక దెబ్బ కొడుతుంది. దాన్ని ఎక్స్‌ట్రా బీట్ అంటారు. ఆ తర్వాత కాస్త ఆగుతుంది. ఆగినంతసేపు గుండెలో రక్తం ఎక్కువ నిండుతుంది కాబట్టి తర్వాతి దెబ్బ గట్టిగా తగులుతుంది. మనకు తెలిసేది ఆ ఖాళీ, ఆ గట్టి దెబ్బ. గుండె జబ్బేమీ లేనివాళ్లలో ఇవి చాలావరకు ప్రమాదం కాదు.

గర్భంలో ఇవి ఎక్కువ కనబడతాయి. ఒంట్లో రక్తం 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది, నాడి నిమిషానికి 10 నుంచి 20 దెబ్బలు పెరుగుతుంది. మామూలుగా 72 ఉండేవాళ్లకి ఏడో నెలలో 88 వస్తే కంగారు పడక్కర్లేదు. పాలు మాన్పించినప్పుడు పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ హార్మోన్ తగ్గుతుంది, ఆడవాళ్ల హార్మోన్ ఈస్ట్రోజెన్ మళ్లీ పెరుగుతుంది, ఆగిన నెలసరి తిరిగొస్తుంది. ఆ రోజుల్లో దడ తెలిసిందని చెప్పే తల్లులు ఉన్నారు. కానీ నెపమంతా హార్మోన్ల మీద వేసి ఊరుకోవద్దు. నాకు హిమోగ్లోబిన్ 9 ఉంది! రక్తహీనత ఒక్కటి చాలు దడ రావడానికి. థైరాయిడ్ కూడా అంతే. కాన్పు తర్వాత ఏడాదిలోపు కొందరికి అది వాచి, మొదట ఎక్కువగా, తర్వాత తక్కువగా పనిచేస్తుంది. అందుకే హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), పొటాషియం చూపించుకోండి. దగ్గర్లో బస్తీ దవాఖానా ఉంటే అక్కడ అడగండి, రక్త పరీక్షలు ఉచితమే. ఈసీజీలో, 2డి ఎకోలో (గుండెకి తీసే స్కాన్) రేడియేషన్ ఉండదు, కడుపులో బిడ్డకు ఏమీ కాదు.

ఇదిగో, ఇది నా నోట్‌బుక్. తేదీ, టైము, నాడి ఎంత, ఎన్ని దెబ్బలు తప్పాయి, టీ తాగానా, నిద్ర పట్టిందా. ఇంకోటి తప్పకుండా రాయండి: దడ స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా మొదలై ఒక్కసారిగా ఆగిందా, లేక మెల్లగా పెరిగి మెల్లగా తగ్గిందా? డాక్టరుకి ఈ ఒక్క తేడా చాలా చెబుతుంది. ఈ పుస్తకం చూశాకే ఇంకో డాక్టరుగారు 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించుకుంటే గుండె దెబ్బలన్నీ రికార్డు చేసే చిన్న యంత్రం) పెట్టించారు. అందులో ఎక్స్‌ట్రా బీట్స్ దొరికాయి, ఎకో బాగుంది. ఐరన్ మాత్రలు వేసుకుంటూ రెండు నెలసరులు గడిచేసరికి దడ చాలా తగ్గింది.

ఇప్పుడు చెప్పేది ఇంట్లోవాళ్లు కూడా వినాలి. కళ్లు తిరిగి పడిపోవడం, ఛాతీలో నొప్పి, కూర్చున్నా 120 దాటి తగ్గని నాడి, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం. వీటిలో ఏది వచ్చినా తెల్లవారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. గర్భం చివరి నెల నుంచి కాన్పయ్యాక అయిదు నెలల దాకా, అరుదుగా కొందరికి గుండె కండరమే బలహీనపడుతుంది. బాలింతకి ఆయాసం మామూలే అని తోసేస్తే దాన్ని గుర్తించడం ఆలస్యమవుతుంది.

మందుల సంగతి. గర్భంతో ఉన్నానని, పాలిస్తున్నానని ముందే చెప్పండి. మెటోప్రొలాల్, ప్రొప్రనొలాల్ లాంటి, దడ తగ్గించే మాత్రలు పాలిచ్చే తల్లులకి కూడా ఇస్తారు. అంతకుముందు నుంచీ వాడుతున్న గుండె మాత్రలుంటే మీ అంతట మీరు ఆపొద్దు.

ఇక పాలు మాన్పించడం. నాలాగా రెండు రోజుల్లో చేయకండి. ముందు మధ్యాహ్నం పూట ఒక్కటి ఆపండి. నాలుగైదు రోజులు చూసుకుని ఇంకో పూట ఆపండి. రాత్రి పాలు అన్నిటికన్నా చివర్న. రొమ్ములు గట్టిపడకుండా ఉంటాయి, ఒంట్లో మార్పు కూడా నెమ్మదిగా జరుగుతుంది. బాబుకీ అంత ఏడుపు ఉండదు.