కొత్త కారు, 41 కిలోమీటర్లు: ఈ ఓబీడీ డాంగిల్ నాకేం చూపించింది

అందరికీ నమస్కారం. ఓబీడీ డాంగిల్ అంటే కారులో ఉండే ఓబీడీ సాకెట్‌లో గుచ్చితే ఇంజిన్ డేటా చదివి చూపించే చిన్న పరికరం. దీన్ని కంపెనీ వాళ్లు ఉచితంగా పంపారు, డబ్బులేమీ తీసుకోలేదు. ఫీచర్లన్నీ మీరు ఈపాటికే చూసి ఉంటారు. నేను ఒక్క దాని గురించే మాట్లాడతా: కొత్త ఇంజిన్ కుదురుకునే రోజుల్లో ఇది ఎలా పనికొచ్చిందో.

నా కొత్త కారు చేతికొచ్చినప్పుడు ఓడోమీటర్ మీద 41 ఉంది. దానికి టెన్షన్ అక్కర్లేదు. ఫ్యాక్టరీలో రోలర్ల మీద టెస్ట్, యార్డులో అటూ ఇటూ జరపడం, లారీ ఎక్కించి దించడం, షోరూమ్‌లో పీడీఐ (డెలివరీకి ముందు చేసే తనిఖీ), ఇవన్నీ కలిస్తే ఆమాత్రం అవుతుంది. పాత కారు మాత్రం 186తో వచ్చింది. అడిగితే "టెస్టింగ్ అండీ" అన్నారు. వేరే ఊరి యార్డు నుంచి రోడ్డు మీద తోలుకొచ్చారని తర్వాత తెలిసింది. ఎలా తోలారో ఎవరు చెబుతారు? ఆ కోపం నాకింకా తగ్గలేదు.

అసలు ఓడోమీటర్ చెప్పేది చక్రాల లెక్కే. ఏసీ వేసుకుని గంటసేపు నిలబెట్టినా అంకె కదలదు. ఈ డాంగిల్ ఇంజిన్ నడిచిన గంటలు చూపిస్తుంది. అన్ని కార్లూ ఆ డేటా ఇవ్వవు, నాది ఇచ్చింది: 3 గంటల 10 నిమిషాలు. చూడగానే ప్రాణం లేచొచ్చింది.

ఎందుకంటే, సిలిండర్ గోడ మీద హోనింగ్‌లో (ఫ్యాక్టరీలో రాయితో అరగదీయడంలో) పడ్డ సన్నటి అడ్డగీతలు ఉంటాయి. పిస్టన్ రింగులు వాటి మీద రాసుకుంటూ కుదురుకోవాలి. రింగుని గోడకి నొక్కేది దాని వెనక చేరే గ్యాస్ ప్రెషర్, అది కాస్త లోడ్ పడితేనే వస్తుంది. కొత్త ఇంజిన్‌ని గంటలకొద్దీ ఐడిలింగ్‌లో, అంటే బండి కదలకుండా ఊరికే ఆన్‌లో, ఉంచితే రింగులు కుదురుకోవు, గోడ మీద ఆయిల్ కాలి గ్లేజింగ్ (నున్నటి పొర) పడుతుంది. ఇక ఇంజిన్ ఆయిల్ తాగుతుంది. అలాగని రెడ్‌లైన్ (ఇంజిన్ తిరగగల గరిష్ఠ వేగం) దాకా లాగమని కాదు. టయోటా మాన్యువళ్లలో మొదటి 300 కిలోమీటర్లు సడన్ బ్రేకులు వద్దని, 1000 దాకా ఒకే వేగంతో ఎక్కువసేపు తోలొద్దని ఉంటుంది. మీ కారు మాన్యువల్లో ఆ పేజీ తప్పకుండా చదవండి.

నేను చదివాను కూడా. అయినా మొదటి ఆదివారం గ్రాఫ్ తెరిస్తే, హైవే మీద 40 నిమిషాలు ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందో చెప్పే అంకె) గీత 2100 దగ్గర స్కేలు పెట్టి గీసినట్టుంది! బాగా తోలుతున్నానని అనుకుంటూనే అలా తోలాను. మర్నాడు పాత రోడ్డు పట్టుకున్నా. గేర్లు మారుస్తూ, 1800కీ 3200కీ మధ్య ఎక్కిస్తూ దించుతూ వెళ్లా. సాయంత్రం ఆ గీత అలల్లా కనిపిస్తే ఎంత సంతోషమేసిందో.

చిరాకు ఒకటుంది. ఆర్‌పీఎం దాటితే బీప్ కొట్టే లిమిట్‌ని 3500 పెట్టుకున్నా. ఇంజిన్ ఆపితే చాలు, తిరిగి 5000కి వెళ్లిపోతుంది. కారు తీసిన ప్రతిసారీ మళ్లీ పెట్టుకోవాలి. దీన్ని కంపెనీ వాళ్లు వెంటనే సరిచేయాలి.

అయినా ఆ గంటల లెక్క, ఆ గ్రాఫ్ కోసం నేనైతే సొంత డబ్బుతో కొంటాను. డెలివరీకి వెళ్లేటప్పుడే జేబులో వేసుకెళ్లండి, సంతకం పెట్టకముందే గుచ్చి చూడండి. నా కారు ఇప్పుడు 640 దగ్గరుంది. వెయ్యి దాటాక డిప్‌స్టిక్ తీసి ఆయిల్ లెవెల్ మీకే చూపిస్తా.