పెన్షన్ తీసుకునే వయసులో పరాయి దేశంలో సేవా? మా పెద్దబాపు అడిగిన వీడియో

(తెర మీద: నల్గొండ గడియారం సెంటర్, పొద్దుటి ట్రాఫిక్)

నమస్తే అందరికీ. ఈ వీడియో నేను అనుకుని చేస్తున్నది కాదు, మా పెద్దబాపు చేయిస్తున్నది. ఆయన రిటైర్డ్ హెడ్మాస్టర్, పెద్దమ్మ రిటైర్డ్ స్టాఫ్ నర్సు. పోయిన ఆదివారం ఫోన్ చేసి, "ఏందిరా, అందరికీ అన్నీ చెప్తవు, గీ సీనియర్ మిషనరీ అంటే ఏందో జర అర్థమయ్యేటట్టు చెప్పరాదు? ఎవ్వలకు చెప్పినా మతం మార్పియ్యనీకి పోతున్నవా అంటున్రు" అన్నారు. వాళ్లిద్దరూ ఏడాదిన్నర ఆఫ్రికాలో ఏదో ఒక దేశానికి పోయి పని చేస్తామని దరఖాస్తు పెట్టుకుంటున్నారు, జీతం లేదు, పైగా ఖర్చు వాళ్లదే. ఇది విన్న రోజు మా ఇంట్లో ఎవరికీ అన్నం దిగలేదు.

ముందే ఒక మాట. మా ఇంట్లో వాళ్లమంతా బాప్టిస్టులం. పెద్దబాపు వాళ్లు హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉన్నప్పుడు యేసు క్రీస్తు లేటర్ డే సెయింట్స్ చర్చిలో, అంటే జనం మోర్మన్లు అని పిలిచే చర్చిలో చేరారు. నాది ఆ చర్చి కాదు కాబట్టి ఈ వీడియో ప్రచారం అనుకోకండి, విమర్శ కూడా కాదు.

సరే, విషయానికొద్దాం. ఆ చర్చిలో మిషనరీలు అనగానే మనకు తెల్ల చొక్కా, నల్ల బ్యాడ్జి పెట్టుకుని ఇద్దరిద్దరుగా తిరిగే కుర్రాళ్లు గుర్తొస్తారు. సీనియర్ జంటల సంగతి వేరు. రిటైరయిన భార్యాభర్తలు, ఇంట్లో పెంచాల్సిన పిల్లలు లేనివాళ్లు, ఆరు నెలల నుంచి 23 నెలల దాకా ఏదో ఒక గడువుకు పోతారు. వాళ్లలో కొంతమందికి ఇచ్చేది మానవతా సహాయం పని. ఇల్లిల్లూ తిరిగి బోధ చేయడం వీళ్ల ఉద్యోగం కాదు, సహాయం కూడా మతం చూసి ఇచ్చేది కాదని చర్చి చెబుతుంది. ఎక్కడికి పోవాలనుందో జంట చెప్పుకోవచ్చు, నిర్ణయం మాత్రం అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ నుంచి వస్తుంది.

(తెర మీద: 1985, ఇథియోపియా)

ఈ పని ఇప్పుడున్న పద్ధతిలో మొదలైంది ఇథియోపియా కరువుతో. 1985 జనవరి 27న ఆ చర్చి సభ్యులు ఉపవాసం ఉండి, ఆ పూట తిండి ఖర్చు విరాళంగా ఇస్తే 60 లక్షల డాలర్లకు పైగా పోగైంది. 2024కి వచ్చేసరికి వాళ్లు సేవకు పెట్టిన ఖర్చు 145 కోట్ల డాలర్లు, 192 దేశాల్లో. ఇంత డబ్బుంటే మరి పెద్దబాపు పెన్షన్ ఎందుకు ఖర్చు పెట్టుకోవాలి అని నేనూ అడిగాను. పెద్దమ్మ, "అది అక్కడి జనాల కోసం ఇచ్చిన పైస, మేం తినడానికి కాదు" అన్నది. సరే అన్నాను గానీ నాకు ఇప్పటికీ పూర్తిగా మింగుడు పడలేదు, ఎందుకంటే అద్దెకు చర్చి ఒక పరిమితి పెట్టింది, 2011లో పెట్టినప్పుడు అది జంటకు నెలకు 1,400 డాలర్లు, దాన్ని దాటింది చర్చి చూసుకుంటుంది. అమెరికా రిటైర్డ్ వాళ్లకు అది ఊరటే. మన రూపాయల్లో అయితే అదే లక్ష దాటుతుంది. అద్దె తక్కువ ఉన్న ఊళ్లో అంత కాదనుకోండి, కానీ తిండి, మందులు, ఇన్సూరెన్స్ వేరే. నల్గొండలో ఎంతమంది పెన్షనర్లు తట్టుకుంటారు చెప్పండి? పెద్దబాపు ఊళ్లో ప్లాటు అమ్మారు. అందుకే టెన్షన్ మా ఇంట్లో.

ఇంకోటి, ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ సంగతి. బయటి దేశం నుంచి ఎలా పంపాలో ట్రెజరీలో ముందే అడిగి పెట్టుకోండి, అక్కడికి పోయినంక పెన్షన్ ఆగితే ఎవరిని పట్టుకుంటారు.

(తెర మీద: చక్రాల కుర్చీ, టేపుతో కొలతలు తీస్తున్న చేతులు)

ఇక అక్కడ చేసేదేంటి. బియ్యం బస్తాలు పంచుతూ ఫొటోలు దిగడం అనుకుంటే పొరపాటు. ఎక్కువ భాగం కూర్చుని వినడం, కాగితాలు రాయడం, మళ్లీ పోయి చూడడం. అక్కడి ఆసుపత్రినో, స్కూలునో, సర్కారు శాఖనో కలుస్తారు, వాళ్లకేం కావాలో తెలుసుకుంటారు, ప్రతిపాదన రాసి పైకి పంపుతారు, డబ్బు మంజూరైతే పని జరిగిందా లేదా చూస్తారు. జేబులోంచి డబ్బు తీసి ఇచ్చే అధికారం వీళ్లకు లేదు.

చక్రాల కుర్చీ తీసుకోండి. మనం సైకిల్ పంచినట్టు పంచేయొచ్చు కదా అనిపిస్తుంది. కుదరదు. నడుము వెడల్పు, తొడ పొడవు కొలవకుండా ఇస్తే ఒంట్లో స్పర్శ లేని మనిషికి కూర్చున్న చోట పుండ్లు పడతాయి, అవి ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో కుర్చీ ఇవ్వడాన్ని 8 మెట్లుగా చెప్పింది, అందులో కొలత, సరిచేయడం, వాడటం నేర్పడం, తర్వాత మళ్లీ వచ్చి చూడడం అన్నీ ఉన్నాయి.

పెద్దమ్మ మనసు మాత్రం పసిపిల్లల మీద ఉంది. పుట్టిన ప్రతి పది మందిలో సుమారు ఒకరికి ఊపిరి అందుకోవడానికి ఎంతో కొంత సాయం కావాలి. తుడిచి, వీపు రుద్దితే చాలామంది ఏడ్చేస్తారు. అప్పటికీ ఏడవకపోతే మాస్కు, బ్యాగుతో గాలి అందించాలి, అదీ మొదటి నిమిషంలోనే. ఇది అక్కడి మంత్రసానులకు, నర్సులకు నేర్పి, వాళ్లు ఇంకొకరికి నేర్పేలా చేయడం ఈ చర్చి పనుల్లో ఒకటి. 30 ఏళ్లు లేబర్ రూంలో నిలబడ్డ మనిషికి ఇంతకంటే తగిన పని ఏముంటుంది, నేనైతే ఈ ఒక్క దగ్గర నోరు మూసుకున్నాను.

(తెర మీద: పాత నీళ్ల ట్యాంకు, తుప్పు పట్టిన తలుపు)

ఇప్పుడు నీళ్లు. మనకు బాగా తెలిసిన సబ్జెక్టు. తూర్పు ఆఫ్రికాలో రిఫ్ట్ లోయ వెంబడి, ఇథియోపియా, కెన్యా, టాంజానియాల్లో, అగ్నిపర్వతాల నేలల వల్ల నీళ్లలో పళ్లను, ఎముకలను పాడుచేసే ఫ్లోరైడ్ విపరీతం. అంటే మన నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు కష్టమే అక్కడా. దీనికి అక్కడ వాడి చూసిన పద్ధతుల్లో ఒకదాని పేరేంటో తెలుసా? నల్గొండ టెక్నిక్. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో మన జిల్లా పేరుతో తెచ్చింది. నీళ్లలో పటిక, సున్నం వేసి కలిపి, మడ్డి అడుక్కు దిగాక పైనున్న నీళ్లు తీసుకోవడం, క్రిముల కోసం బ్లీచింగ్ పౌడర్. ఇంట్లో బకెట్‌లో కూడా చేసుకోవచ్చు.

వినడానికి బాగుంది. కానీ పటిక ఎంత వేయాలో ప్రతి బావి నీళ్లకు మారుతుంది, రోజూ ఎవరో ఒకరు కలపాలి, మడ్డి ఎత్తిపోయాలి, ఎక్కువైతే రుచి పాడవుతుంది. మా ఊళ్లో చిన్నప్పుడు ట్యాంకు పక్కన అలాంటి షెడ్డు ఒకటి ఉండేది. రిబ్బన్ కోసిన రోజు లడ్డూలు పంచారు, ఆ తర్వాత పటిక అయిపోయింది, కలిపే మనిషి మానేశాడు, నేను ఏడో తరగతికి వచ్చేసరికి అందులో మేకలు కట్టేవాళ్లు. మాకు గ్లాసులోకి మంచి నీళ్లు వచ్చింది కృష్ణా నీళ్లు పైపుల్లో వచ్చాకే.

పెద్దబాపు ఈ కథ అక్కడ చెప్పాలంటున్నారు. "నేను పోయి గా ఊరోళ్లను ముందు అడిగేది ఒక్కటే, రేపు పటిక కొననీకి పైసలు ఎవ్వలిస్తరు, కలిపేది ఎవ్వలు?" అంటారు. దానికి జవాబు రాని దగ్గర ప్రతిపాదన రాయనంటున్నారు. నాకు ఆయన పోవడం మీద ఇంకా పేచీ ఉంది, ఈ మాట మీద లేదు.

ఇంకో చిన్న ముచ్చట. 1889లో రష్యా నుంచి అబ్రహాం ఫ్రీసెన్, మరియా అనే మెన్నొనైట్ (అదొక క్రైస్తవ శాఖ) మిషనరీ జంట మన దేశానికి వచ్చి, తర్వాత నల్గొండలో మకాం పెట్టారు. ఆ పరంపరలోనే జడ్చర్లలో ఆసుపత్రి కూడా వచ్చింది. మా నాయనమ్మ కాళ్ల నొప్పులకు బస్సెక్కి అక్కడికే పోయేది. ఆ రోజుల్లో ఆ జంట ఇంటివాళ్లు కూడా ఇట్లాగే తిండి మానేశారేమో.

(తెర మీద: డాక్టర్లు నింపాల్సిన కాగితాలు)

చివరగా, పోవాలనుకునేవాళ్లకు. మొదట మీ సంఘం బిషప్‌తో మాట్లాడాలి, తర్వాత వైద్య పరీక్షలు, ఇద్దరికీ. బీపీ, షుగర్ ఉంటే పోకూడదని కాదు, అందుకు తగ్గ వైద్యం దొరికే చోటికి పంపుతారు. పళ్ల డాక్టర్ కూడా ఫారం నింపాలి.

మొన్న ఆ ఫారం కోసం పెద్దబాపును నేనే తీసుకుపోయాను. డాక్టరమ్మ ఆయన నోరు తెరిపించి, లైటు వేసి, పళ్ల మీది గోధుమ రంగు చారలు చూసి కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "చిన్నప్పుడు ఏ ఊరి నీళ్లు తాగారు సార్?" అంది.

పెద్దబాపు నోట్లో అద్దం పెట్టుకునే నవ్వారు.